కొమ్మ అడ్డం వేసిన దారి

మా బాబాయి పెద్దకర్మ నాడు, భోజనాలయ్యాక, విజయనగరంలో వాళ్ళ ఇంటి వసారాలో చుట్టాలంతా గోడలకు చేరగిలబడి కూర్చున్నారు. ఆయన పెద్దకొడుకు రామం తండ్రి గొప్పతనం చెప్పడం మొదలెట్టాడు. ఆ రోజు చెప్పాల్సిందే, అందులో తప్పు లేదు. కాని నాలుగు మాటలు కాకుండానే వాడు కొండ కథ ఎత్తుకున్నాడు. "నాన్న కుర్రతనంలో మన్నెం వెళ్తుంటే దారి చూపించేవాడు కావాలనే అడవిలో వదిలేసి పోయాడట. కాలు విరిగినా సరే, నాన్న ఈ అక్కని భుజానెత్తుకుని, పొద్దుగూకేలోగా పెదనాన్న ఇంటికి చేర్చాడు" అని నావైపు చెయ్యి చాపాడు. అందరూ నన్ను చూసి తలలూపారు. ఎవరో ముసలాయన "అదృష్టవంతురాలివమ్మా" అని కూడా అన్నాడు. నన్ను భుజానెత్తుకోవడం! ఆ రోజు ఒకరు ఒకర్ని మోసిన మాట నిజమే. మోయించుకున్నది మా బాబాయి. ఆయన కాలు విరగలేదు, మడమ బెణికింది. మోసినవాడి పేరు బుద్రన్న. ఈ కథను ఇలా తిరగేసి చెప్పడం యాభై ఏళ్ళుగా వింటున్నాను. విన్నప్పుడల్లా కాదన్నాను. కాదన్నప్పుడల్లా నవ్వారు. ఇప్పుడు చనిపోయినవాడి ఫోటోకి దండ వేసి, నా ఎదుటే, నన్నే సాక్షిగా పెట్టి చెప్తున్నారు.

అందుకని జరిగింది జరిగినట్టు రాస్తాను. ఇష్టం లేనివాళ్ళు చదవడం మానుకోవచ్చు.

మా నాన్న అప్పట్లో అనంతగిరి దాటాక లోపలెక్కడో ఉన్న ఒక చిన్న పల్లెలో అడవి కచేరీ గుమాస్తా. ఎస్.కోట దాటాక కొండ మొదట్లో బండి దిగితే ఇక అక్కణ్ణించి కాలిబాటే. ముసలివాళ్ళని, బాలింతల్ని డోలీలో మోసేవారు. మిగిలినవాళ్ళం నడిచేవాళ్ళం. మా ఇల్లు మట్టిగోడలు, గడ్డికప్పు. పొద్దున్న లేస్తే పొగ, చలి, తడిసిన గడ్డి వాసన. అమ్మ కుంపటి ఎప్పుడూ ఆరనిచ్చేది కాదు. బియ్యం కిందనుంచి రావలసిందే కాబట్టి పొదుపుగా వాడేది. వారంలో సగం రోజులు మాకు రాగి అంబలి, సామన్నం. ఇస్తరాకులు కుట్టడానికి కొండగుంటలు, అంటే ఆడపిల్లలు, అడ్డాకులు తెచ్చేవారు. ఆ పచ్చి ఆకులో వేడన్నం వడ్డిస్తే లేచే వాసన ఇప్పుడు ఏ పెళ్ళిలోనూ రాదు. బడి లేదు. నాకు బడి బుద్రన్నే. పుట్టతేనె ఎక్కడుంటుంది, జలగ పట్టుకుంటే ఉప్పు ఎలా అద్దాలి, వాగులో ఏ రాయి మీద కాలు పెట్టకూడదు, అన్నీ అతనే చెప్పాడు. నాన్నని "బాబూ" అనేవాడు, నన్ను "గుంటమ్మా" అనేవాడు. ఆ పల్లెలో దారి చూపడం, డోలీవాళ్ళని పోగుచెయ్యడం అతని పని. పని అంటే జీతమున్న పని కాదు, వెట్టి. దానికి బదులుగా కొండవాలున అతను అడవి కొట్టి చేసుకున్న పోడుచెక్కని కచేరీవాళ్ళు చూసీచూడనట్టు వదిలేశారు. అందులో సామ, కంది, కొద్దిగా పసుపు. అతని ఇల్లంతా దానిమీదే బతికేది.

అతను నేర్పినవాటిలో ఒకటి ఈ కథకి ముఖ్యం. కొండమీద నలుగురు కలిసి వెళ్తున్నప్పుడు ముందువాళ్ళు, వెనకవాళ్ళు విడిపోతారు. దారి రెండుగా చీలినచోట ముందు వెళ్ళేవాడు పచ్చికొమ్మ విరిచి, వెళ్ళకూడని దారికి అడ్డంగా పడేస్తాడు. కొమ్మ మొదలు ఈ పక్కకి, చిగురు ఆ పక్కకి. వెనక వచ్చేవాళ్ళు అది చూసి రెండో దారి పడతారు. దాన్ని ఎవరూ తియ్యరు, దాటరు, పశువులు తొక్కితే మళ్ళీ సరిచేసి పోతారు. కొండమీద పాకే పిల్లలకి కూడా తెలిసిన సంగతి ఇది. కింద మైదానంలో బి.ఏ. దాకా వెళ్ళినవాళ్ళకి తెలీదు. తెలియకపోవడం తప్పు కాదు. చెప్తే వినకపోవడం తప్పు.

ఆ ఏడు దసరా వెళ్ళాక అమ్మకి కొండమీదే కాన్పయ్యి తమ్ముడు పుట్టాడు. బాలింతకి పథ్యం పెట్టడానికి మా నాయనమ్మ కదలాల్సి వచ్చింది. నేను అప్పటికి కొన్నాళ్ళుగా కింద ఊళ్ళో ఆవిడ దగ్గరే ఉన్నాను. మన్నెం అంటే నాయనమ్మకి ప్రాణభయం. బయల్దేరే ముందు నా మెడలో వసకొమ్ము కట్టింది. కర్పూరం మూట కట్టింది. కొండనీళ్ళు తాగితే జ్వరమేనని కాచిన నీళ్ళు ఇత్తడి చెంబులో పోసి మూతికి గుడ్డ చుట్టింది. చింతపండు, ఇంగువ, కారప్పొడి, పాతబియ్యం మూటలుగా కట్టించి ఒక్కొక్కదాన్నీ వాసన చూసి మరీ కావడిలో పెట్టించింది. తరవాత నన్నూ, తోడు వస్తున్న బాబాయినీ ఎదురుగా నిలబెట్టి చెప్పింది: "ఒలే గుంటా, దారిలో చిల్లంగి పెడతారు. నిమ్మకాయి, కొమ్మ, రెమ్మ, ముగ్గు, ఏటి కనబడినా ముట్టకు. ఎనకనించి ఒక్కసారి పిలిస్తే పలక్కు. దెయ్యం ఒక్కసారే పిలుత్తాది. మనిసైతే మూడుసార్లు పిలుత్తాడు." మా బాబాయి నవ్వుతూ "ఏమిటమ్మా ఈ చాదస్తం" అన్నాడు. నవ్వాడు గాని ప్రతి మాటా మనసులో పెట్టుకున్నాడని తరవాత తెలిసింది.

ఆయన ఆ ప్రయాణానికని కొత్త బూట్లు కొన్నాడు. గొడుగు, చేతిగడియారం, మఫ్లరు. కొండ మొదట్లో బుద్రన్న ఆ బూట్లు చూసి "బాబూ, ఇవి ఇప్పీసి నడండి, జారతాయి" అన్నాడు. "నాకు చెప్తున్నావా?" అన్నాడు బాబాయి. నాయనమ్మ డోలీ ముందు, దాని వెంట బుద్రన్న, వెనక బాబాయి, నేను. రెండు మలుపులు తిరిగేసరికే బాబాయి బూటు మడమని కొరకడం మొదలెట్టింది. ప్రతి బండ దగ్గరా కూర్చునేవాడు. డోలీవాళ్ళు ఆగితే భుజాలు పట్టేస్తాయి, వాళ్ళు ఆగలేరు. బుద్రన్న వెనక్కి వచ్చి, "నాను ముందెల్లి ముసలమ్మని దించీసి వత్తాను బాబూ. మీరు మెల్లిగ రండి. సీలిక కాడ కొమ్మేత్తాను, గుంటమ్మకి తెలుసు" అని చెప్పి వెళ్ళాడు. బాబాయి వింటూండగానే చెప్పాడు. ఈ మాట నేను ఒట్టేసి చెప్తాను.

ఆ కొండదారి అందం గురించి చాలామంది చాలా రాస్తారు. ఆ రోజు నాకు బాగా గుర్తున్నది బాబాయి మూలుగు. అయినా దారి దారే. కింద పనసచెట్లు, పైకి పోతున్నకొద్దీ జీలుగు, మద్ది. రాళ్ళ మధ్యనుంచి చెమ్మ. ఒక మలుపులో ఎండ, ఇంకో మలుపులో మబ్బు చేతికి తగిలేంత దగ్గరగా. నేను చెప్పులు చేత్తో పట్టుకుని ముందు నడిచాను. చీలిక దగ్గరికి వచ్చేసరికి మబ్బు కమ్మింది. ఎడమ దారి వెడల్పుగా ఉంది. దానికి అడ్డంగా మద్దికొమ్మ, ఆకు ఇంకా వాడలేదు. కుడిదారి సన్నగా పైకి పాకుతోంది. నేను కుడివైపు తిరిగాను.

"ఆగు" అన్నాడు బాబాయి. ఆయన కళ్ళు కొమ్మ మీద ఉన్నాయి. "ఏమిటది?"

"బుద్రన్న వేశాడు బాబాయ్. అటు వెళ్ళకూడదు."

"బుద్రన్న వేశాడో, ఇంకెవరు వేశారో నీకేం తెలుసు? మొదలు ఇటు, చిగురు అటు, చూడు. ఎవరో ఏదో చేసి పెట్టారు. ఇంత పెద్దదారి వదిలేసి ఆ మేకలదారిన వెళ్తామా?"

"అలాగే వెయ్యాలి బాబాయ్, కొమ్మ అలాగే..."

"నోర్ముయ్ గుంటా!"

చిల్లంగి వస్తువుని చేత్తో ముట్టకూడదు కాబట్టి గొడుగు మొన ఆకుల్లో గుచ్చి, ఎత్తి, దూరంగా పొదల్లోకి విసిరేశాడు. గొడుగుని కూడా రెండుసార్లు నేలకి రాశాడు. నా రెక్క పట్టుకుని వెడల్పుదారిలోకి లాక్కుపోయాడు. నేను ఏడుస్తూ నడిచాను. భయంతో కాదు, కోపంతో. ఆ కోపం ఇప్పటికీ అలాగే ఉంది.

ఆ దారి ఒక వాగు దగ్గరికి వెళ్తుంది. వాగు మీద అడ్డంగా పెద్ద మాను పడేసి ఉండేది, దానిమీంచి దాటేవారు. ఆ వానలకి మాను కొట్టుకుపోయింది. దారి మాత్రం ఒడ్డుదాకా శుభ్రంగా ఉంది. మబ్బులో ఒడ్డు కనపడదు. బాబాయి ముందు నడుస్తూ నడుస్తూ ఒక్కసారి మాయమయ్యాడు. నిలువునా జారి, ఒక వేరు పట్టుకుని వేలాడి, బండ మీద పడ్డాడు. మడమ బెణికింది. కొత్త బూట్లలో ఒకటి వాగులో పోయింది. నేను వేళ్ళు పట్టుకుని దిగి ఆయన పక్కన కూర్చున్నాను. కొంతసేపటికి దూరంనుంచి "ఓ గుంటమ్మో!" అని కేక వినిపించింది. బుద్రన్న! నేను పలకబోతే బాబాయి నా నోరు గట్టిగా మూసేశాడు. "ఒక్కసారే పిలిచింది" అన్నాడు చెవిలో. పాపం బుద్రన్న ఒక కేక వేసి, బదులు కోసం చెవి వొగ్గి, ఇటు లేరనుకుని ఇంకోవైపు వెళ్ళాడు. మళ్ళీ ఇటు వచ్చి పిలిచేసరికి పొద్దు వాలిపోయింది. అప్పుడు నేను బాబాయి చెయ్యి కొరికి పలికాను. ఆయన చేతిమీద నా పంటిగాటు చాన్నాళ్ళు ఉంది. దాన్ని కూడా తరవాత ముళ్ళు గీసుకున్న గాయమని చెప్పుకున్నాడు.

బుద్రన్న దిగి, బాబాయిని వీపునెక్కించుకుని, వాగు వెంబడే, తను వచ్చిన అడ్డదారినే ఇల్లు చేర్చాడు. దారిపొడుగునా ఒక్క మాట అడిగాడు: "కొమ్మ కనబడనేదా బాబూ?" బాబాయి కళ్ళు మూసుకుని మూలిగాడు. ఇంటికి చేరాక, కుంపటి దగ్గర కూర్చుని, కాలికి వావిలాకు కాపడం పెట్టించుకుంటూ మా నాన్నతో చెప్పాడు: "వాడు ఏ గుర్తూ పెట్టలేదన్నయ్యా. కావాలనే వదిలేశాడు. వీళ్ళకి మనమంటే లోపల కక్ష." నేను అక్కడే ఉన్నాను. జరిగిందంతా గట్టిగా చెప్పాను. నాయనమ్మ "పెద్దోళ్ళ మాటకి అడ్డొత్తావేటే!" అని నా బుగ్గ మీద ఒకటి వేసింది. మా అమ్మ బాలింతగదిలోంచి "దాన్ని కొట్టకండి" అంది. అంతకన్న ఎవరూ ఏమీ అనలేదు.

ఆ సమయానికి నాన్న పైఅధికారి రేంజరు పల్లెలో మకాం ఉండడం బుద్రన్న దురదృష్టం. మర్నాడు పొద్దున్నే సంగతి ఆయన చెవిన పడింది. బుద్రన్నని పిలిపించి, మకాం ముందు ఎండలో నిలబెట్టి, నెత్తిన సామానుపెట్టె పెట్టించాడు. నేను పరిగెత్తుకెళ్ళి చెప్పాను. "అయ్యా, కొమ్మ వేశాడు, మా బాబాయే తీసేశాడు. చీలిక దగ్గరే పడి ఉంటుంది, ఎవరైనా రండి, చూపిస్తాను." రేంజరు నవ్వాడు. "చెట్టుకొమ్మ సాక్ష్యమా?" అన్నాడు. బాబాయికి కాలు నొప్పి. రేంజరుకి టీ. మా నాన్నకి ఆఫీసు. పూటలో వెళ్ళి వచ్చే దారి అది, అయినా ఒక్కరూ కదల్లేదు.

నేనే వెళ్ళాను. ఎవరికీ చెప్పలేదు. కొండచీపుళ్ళ కట్టలు నెత్తిన పెట్టుకుని సంతకి దిగుతున్న ఆడవాళ్ళ వెనక పడ్డాను. "ఏటి గుంటా, ఒక్కద్దానివే ఎక్కడికెల్తన్నావు?" అని ఒకామె అడిగింది. "కొమ్మ కోసం" అన్నాను. "అడివంతా కొమ్మలే గదే!" అని అందరూ నవ్వారు గాని, చీలిక దాకా నన్ను మధ్యలో పెట్టుకునే నడిచారు. పొదల్లో మద్దికొమ్మ తలకిందులుగా పడి ఉంది. రెండు ఆకులకి గొడుగుమొన దిగిన కన్నం. నేను దాన్ని భుజాన వేసుకుని ఎగువకి నడిచాను. అరికాళ్ళు చీలిపోయాయి, జలగలు పట్టాయి, ఉప్పు లేదు. ఆ ఎక్కుడులో నాకున్న గర్వం నా జన్మలో మళ్ళీ ఎప్పుడూ లేదు. ఇక నమ్మక ఏం చేస్తారు!

మకాం ముందు కొమ్మ పడేసి కన్నాలు చూపించాను. కాలికి కట్టుతో బాబాయి కుర్చీలో ఉన్నాడు. "ఆకులకి పురుగులు కన్నాలు పెట్టవూ?" అన్నాడు. రేంజరు మళ్ళీ నవ్వాడు. నమ్మినవాడు ఒక్క బుద్రన్న. నెత్తిమీద పెట్టెతోనే కిందికి చూసి, నన్ను అడిగాడు. "గుంటమ్మా, ఇది పొదలో దొరికిందా? అయితే ఎవలూ తిరిగెయ్యనేదా, నిన్నటేలనించీ ఆ దారి తెరిసే ఉన్నాదా?"

"తెరిచే ఉంది."

"ఇయ్యాల సంత. సంతయ్యాక ఉప్పు బేరగాళ్ళు, కొత్తోళ్ళు, కిందనించి ఇటు పైకొత్తారు. మబ్బు దిగితే మాను నేదని ఎవలికి తెలుత్తాది?" అని, ఎవరి సెలవూ అడక్కుండా పెట్టె నేలమీద దించి, కొండ దిగిపోయాడు. వెనకనుంచి రేంజరు అరిచిన అరుపులు వినిపించే ఉంటాయి. అతను తిరిగి చూడలేదు.

అడవిలో వదిలేశాడన్న నేరం అప్పటికి సగం నమ్మకమే. ఇది మాత్రం అందరి కళ్ళముందూ జరిగింది. సెలవు లేకుండా పెట్టె దించడం! రేంజరు ముఖం కందగడ్డలా అయింది. "వాడి పోడు తీసెయ్యాలి. ఏమంటారు గుమాస్తా గారూ?" అని మా నాన్నని అడిగాడు. అప్పుడు మా నాన్న ఒక్క మాట అంటే చాలు. అతను దారి మూయడానికి వెళ్ళాడని ఆయనకి తెలుసు. అతను లేకపోతే తన తమ్ముడు ఆ బండ మీదే ఉండేవాడనీ తెలుసు. నాన్న తన చెప్పులకేసి చూసుకుంటూ "తమ చిత్తం" అన్నాడు. ఆ సాయంత్రం పెరట్లో కాళ్ళు కడుక్కుంటూ నాతో మెల్లిగా "నువ్వు చెప్పింది నిజమని నాకు తెలుసులే. ఊరుకో" అన్నాడు. ఊరుకో! బాబాయి అబద్ధాన్నైనా ఏనాటికైనా క్షమిస్తానేమో గాని, మా నాన్న తెలిసీ అన్న ఆ మాటని మాత్రం క్షమించలేను. ఆయన పోయి ఎన్నేళ్ళయినా సరే.

కోతకొచ్చిన సామని కచేరీ మనుషులు తొక్కించారు. కొద్దిరోజులకి బుద్రన్న, అతని పెళ్ళాం, పిల్లలు ఒరియావైపు కొండ దాటి పోవడానికి మా ఇంటి ముందునుంచే వెళ్ళారు. పెళ్ళాం నెత్తిమీద విత్తనాల కుండ. నేను గుమ్మంలో నిలబడ్డాను. అతనే నవ్వి, "ఎల్లొత్తాను గుంటమ్మా. ఈపాలి కొమ్మెయ్యనేదు, ముల్లకంపేసొచ్చాను. దాన్నెవలూ గొడుగుతో తియ్యనేరు" అన్నాడు. అంత కష్టంలోనూ అతను ఎగతాళి చెయ్యగలిగాడు. మా ఇంట్లో వాళ్ళు ఇంత సుఖంలోనూ ఒక నిజం చెప్పలేకపోయారు.

ఇప్పుడు ఆ కొండకి బస్సుంది, రైలుంది. సొరంగాల్లోంచి వెళ్తుంటే పిల్లలు కేకలేస్తారు. ప్రతి మలుపులోనూ తెల్ల అక్షరాల బోర్డులు. వాటిని మాత్రం ఎవరూ చిల్లంగి అనుకోరు. కిటికీ పక్కన కూర్చుని, పల్లీలు తింటూ, "అబ్బ, ఎంత అందం!" అనుకుంటూ వెళ్ళి సాయంత్రానికి వచ్చేస్తారు. రామం కూడా వెళ్ళొచ్చాడు. వచ్చి, "నాన్న పడ్డచోటు ఇదేనేమో అనిపించిందక్కా" అన్నాడు. రైల్లోంచి కనపడేచోటు కాదురా అది. నడిస్తే గాని కనపడదు.

పెద్దకర్మ నాడు నేను ఊరుకోలేదు. వసారాలో లేచి నిలబడి, పైన రాసిందంతా, ఇంతకంటే పెద్దగొంతుతో చెప్పాను. చుట్టాలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రామం చేతులు జోడించి, "అక్కా, పోయినవాళ్ళ మీద ఇప్పుడెందుకు చెప్పు?" అన్నాడు.

"పోయినవాడి మీద నేనేమీ మొదలెట్టలేదు. బుద్రన్న మీద మీరే మొదలెట్టారు" అన్నాను.

"సరేలే, ఎవరు మోస్తే ఏమైంది? ఇద్దరూ క్షేమంగానే ఇల్లు చేరారు కదా."

ఇద్దరూ! ముగ్గురున్న కథ అది. అప్పుడు మూలనుంచి రామం కోడలు, పెళ్ళై ఏడాదైనా కాని పిల్ల, మెల్లిగా అడిగింది: "మరి అత్తయ్యగారూ, ఆ బుద్రన్న తరవాత ఏమయ్యాడు?"

ఇన్నేళ్ళలో మా వంశంలో ఎవరూ అడగని ప్రశ్న. కథ తప్పని నేను వాదించినప్పుడు కూడా ఎవరికీ అది తోచలేదు. ఆ పిల్లకి జవాబు చెప్పాలనుకున్నాను. ఒరియావైపు ఏ ఊరు చేరాడో, మళ్ళీ పోడు కొట్టుకోగలిగాడో, ఆ పిల్లలు బతికారో లేదో, చెప్పడానికి నా దగ్గర ఒక్క ముక్క లేదు. "తెలీదమ్మా" అన్నాను. "మా వాళ్ళెవరూ అటు వెళ్ళి అడగలేదు."

తరవాత రామం లోపలికి చూసి, "అందరికీ కాఫీలు తెండర్రా" అని కేకేశాడు. కాఫీలు వచ్చాయి. ఆ కొండమీద పండిన గింజలేనని ఎవరో మెచ్చుకున్నారు. అందరూ తాగారు. నేను ముట్టుకోలేదు.